రాలిన కొమ్ము, రాలని కొమ్ము

గడచిన మాఘమాసమున, శనగపంట ఇంటికి చేరి చేలన్నియు బోసిపోయిన దినములలో, ఉరవకొండనుండి విడపనకల్లు పోవు త్రోవకు కొంత లోపలగా నున్న ఒక నల్లరేగడి చేనిలో నాకొక కొమ్ము దొరికినది. ఎండకు రేగడి నెఱ్ఱెలు విచ్చియుండెను. అట్టి నెఱ్ఱెలో సగము దిగబడి సగము పైకి తేలియున్న ఆ వస్తువు దూరమునకు ఎండిన తుమ్మమండవలె కనబడినది. తీసి మన్ను దులిపి చూచితిని. మూరెడు పొడవుండును. మొదట పిడికిట నిండునంత లావై, అచ్చటినుండి మూడు మెలికలు తిరిగి, కొనకు వచ్చుసరికి దబ్బనమంత సన్నగిలినది. మొదలుకొని మూడువంతుల వఱకు, కడియములను దొంతిగా పేర్చినట్లు, వలయములు. కొనభాగము మాత్రము ఏనాటి రాపిడికో నునుపుదేఱి నల్లగా మెఱయుచుండెను. లోపల డొల్ల. ఆ డొల్లలో చీమలు మన్ను తెచ్చి గూడు కట్టుకొన్నవి.

చేరువనే కోతచేనిలో గొఱ్ఱెలను మేపుచున్న వృద్ధుడొకడు నా చేతిలోని వస్తువును చూచి గట్టు దిగి వచ్చెను. "ఏమి పెద్దాయనా, ఇది జింక రాల్చిన కొమ్మేనా?" అని అడిగితిని. ఆయన దానిని అందుకొని, లోపలి డొల్లలో వ్రేలు పెట్టి చూచి, తల యడ్డముగా ఊపెను. "రాల్చేది యాడిది సామీ! నా గొర్రిపొట్టేలు ఎప్పుడన్నా కొమ్ము రాల్చిందా? ఇదీ అంతే. ఇది సచ్చినదాని కొమ్ము. ఈ సుట్టుపక్కలే యాడో పుర్రె ఉంటాది, సూడు." అని, నేను చూచుటకు ముందే తాను కఱ్ఱతో గట్టువెంట పొదలను కదల్చుచు నడచి, ఇరువది అడుగుల దూరమున ఒక రేగుపొద క్రింద ఆగెను. పుఱ్ఱె అచ్చటనే యున్నది. రెండవ కొమ్ము ఇంకను దానిని అంటియుండెను. పొద మొదట తుప్పుపట్టిన మోటారుసైకిలు క్లచ్చివైరు ఒకటి ఉచ్చుగా బిగిసి, భూమిలో దిగగొట్టిన మేకునకు కట్టబడి యుండెను.

అడవిలోనో బీడులోనో కొమ్ము దొరికినపుడు మనవారి నోట అప్రయత్నముగా వచ్చు మాట "రాలిన కొమ్ము" అని. ఆ మాటలో ఒక నెమ్మది కలదు. చెట్టు ఆకు రాల్చినట్లు, పాము కుబుసము విడిచినట్లు, మృగము తన బరువును తానే దించుకొని మేతకు పోయినదను భావము దానియందు ఇమిడియున్నది. నల్లమలలో దుప్పి విషయమున అది సత్యమే. మా అనంతపురపు మెట్టలమీద మాత్రము అది సత్యము కాదు. ఇచ్చట దొరకు ప్రతి కొమ్ము వెనుకను ఒక చావు కలదు. రాలినదను ఒక్క మాటతో మనము ఆ చావును విచారింపకయే కప్పిపుచ్చుచున్నాము.

తెలుగున రెండింటికిని కొమ్మనియే పేరగుటచే ఈ పొరపాటు సులభమైనది. దుప్పికొమ్ము నిజమునకు ఎముక. చుక్కలదుప్పికి గాని కణుజుకు గాని మగదానికి మాత్రమే తలపై రెండు చిన్న దిమ్మెలనుండి అది మొలచును. మొలచునపుడు దానిపై నూగుగల మెత్తని చర్మము, ఆ చర్మమున నిండుగా నెత్తురు ప్రవహించు నాళములు ఉండును. శరీరమునందలి ఎముకలన్నియు తమ సున్నమును, భాస్వరమును కొంతకొంత అప్పిచ్చినట్లుగా, కొన్ని మాసములలోనే అది మూడేసి శాఖలుగా విస్తరించును. జంతుశరీరములందు ఇంత వేగముగా పెరుగు ఎముక వేఱొకటి లేదందురు. పెరుగుదల ముగిసిన పిమ్మట నెత్తురు నిలిచి, పైచర్మము ఎండి, మృగము దానిని చెట్లకు రాచికొని ఒలిచివేయును. జోడుకట్టు కాలము గడచి శరీరమునందలి మగతనపు రసములు తగ్గగానే, దిమ్మెకును కొమ్మునకును నడుమనున్న ఎముక తనంత తాను కరగి సడలి, ఒకనాడు కొమ్ము ఊడి పడును. రెండవది ఆనాడే పడవచ్చును, రెండు మూడు దినములకు పడవచ్చును. చలిదేశములందు దీనికొక నియతమైన ఋతువున్నది గాని, మన చుక్కలదుప్పులలో ఏ పోతు కాలము దానిదే. ఊడిన చోట పుండు మాని మరల మొలక యెత్తును. ఇట్లు ఏటేట జరుగును.

జింక మార్గము వేఱు. కృష్ణజింకయు, చింకారాయు, నాలుగు కొమ్ముల కొండగొఱ్ఱెయు ఆవు మేక గొఱ్ఱెల కుటుంబమునకు చెందినవి. వాని పుఱ్ఱెనుండి ఒక ఎముకకీలు లేచును. దానిపై మన గోళ్ల పదార్థముతోనే ఏర్పడిన ఒక ఒర తొడిగినట్లుండును. ఆ ఒర బ్రతికినంత కాలము పెరుగునే గాని ఊడదు. మృగము చచ్చి మాంసము క్రుళ్లిన మీదట మాత్రమే అది కీలునుండి వదులై జారిపోవును. నాకు దొరికినది అట్టి ఒర. అందుచేతనే అది డొల్ల. శాస్త్రగ్రంథమేదియు చదువని ఆ కాపరి వ్రేలు పెట్టి చూచినది ఆ డొల్లనే.

ఈ తెలివిడి నాకే చిన్ననాడు ఉండినచో మా తాతగారి ఇంటి నడవలోని దుప్పికొమ్ముల జతను నేను వేఱుగా చూచియుందును. ద్వారబంధముపైన అవి నల్లబడిన చెక్కకు బిగింపబడి, పండుగనాడు పసుపుకుంకుమలు కూడ పెట్టించుకొనుచుండెడివి. "అడవిలో దొరికినవి రా, అబ్బాయీ" అని తాతగారు చెప్పగా విని, ఎన్నడైన అడవికి పోయి అట్టివి ఏరి తేవలెనని కలలు కనెడివాడను. రాలిన కొమ్ము మొదట ముత్యములు గ్రుచ్చినట్లు బుడిపెల వలయమొకటి యుండును. దాని అడుగున కొంచెము ఉబికిన గరుకు ముఖము తప్ప మఱేమియు ఉండదు. మా ఇంటి కొమ్ములు రెండును ఒకే నొసటి ఎముకకు అంటియుండెను. రాలిన కొమ్ములు పుఱ్ఱెతోడ రాలవు. అబద్ధమాడవలెనని తాతగారు చెప్పలేదు. ఆయనకు ఇచ్చినవారెవరో ఆ మాట చెప్పియుందురు, ఆయన నమ్మియుందురు. ఆ జతను క్రిందికి దించి చూచుటకు నాకు నలువదియేండ్లు పట్టినది.

నిజముగా రాలిన కొమ్ము నల్లమలలోనో శేషాచలమునందో దొరికినచో, దానిని ఇంటికి తెచ్చుకొన్న తప్పేమియని అడుగువారు కలరు. ఎవరికిని అక్కఱలేక పడియున్నదను భావమే ఆ ప్రశ్నకు మూలము. కాని అడవిలో అక్కఱలేని ఎముక లేదు. కొమ్ము పడిన కొన్నాళ్లకే ఏదుపంది దానిని వాసన పట్టి వచ్చి రాత్రివేళ కూర్చుండి గీకి గీకి తినును. ఉలితో చెక్కినట్లు సమాంతరముగా దాని పండ్ల చాళ్లు తేరిన కొమ్ములు అడవి తిరుగువారందఱును చూచినవే. ఎలుకలు కొఱుకును. ఒక్కొక్కప్పుడు దుప్పులే వచ్చి ఆ కొమ్మును నోట కఱచికొని నములుచు నిలుచును. వర్షములచే సారము కొట్టుకొనిపోయిన కొండనేలల గడ్డిలో భాస్వరము కొఱవడును. ఆ కొఱత తీర్చుకొనుటకు మృగములకున్న మార్గములలో ఇది యొకటి. ఒక దుప్పి తన ఒంటినుండి తీసి పెట్టినది మఱియొక దుప్పి కడుపులోని పిల్లకు ఎముకయగుచున్నది. గోడకు తగిలించిన కొమ్ము ఈ చుట్టునుండి తెగిపోయిన కొమ్ము.

రాలిన కొమ్ములు ఏరుట వినోదముగాను వ్యాపారముగాను పెరిగిన అమెరికాలోనే దీనికి హద్దులు పెట్టుకొన్నారు. వయోమింగు రాష్ట్రమున జాక్సన్ పట్టణము చెంతనున్న ఎల్క్ మృగముల ఆశ్రయభూమిలో రాలిన కొమ్ములను స్కౌటు బాలురు ఏరగా, ఏటేట మే మాసమున ఊరి నడిబొడ్డున వేలము వేసి, వచ్చిన ధనములో అధికభాగమును ఆ మృగముల పోషణకే ఇచ్చుచున్నారు. ఆ ప్రాంతపు ప్రభుత్వభూములలో చలికాలము ముగిసి మే మాసము వచ్చువఱకు కొమ్ములకై తిరుగరాదని కట్టడి చేసినారు. ఆకలిచే చిక్కియున్న మృగములను మనుష్యుడు కొమ్మునకై తఱిమినచో ఆ పరుగుతోనే వాని ప్రాణములు పోవునని వారికి అనుభవముచే తెలిసినది. మాకు చలికాలము లేదు గాని, మే మాసమే మా ఆకలికాలము.

మన దేశమున కొమ్మునకు వెల పూర్వమునుండియు ఉన్నది. దుప్పికొమ్మును పుటము పెట్టి చేయు శృంగభస్మమును ఆయుర్వేదులు దగ్గునకు, ఱొమ్ముపోటునకు వాడిరి. ఇంగ్లండున షెఫీల్డు నగరపు కత్తులవారు మన కణుజు కొమ్మును పిడులకై ఏరికోరి తెప్పించుకొనిరి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, ఆపై వచ్చిన సవరణలు ఈ వర్తకమును మూసివేసినవి. ఆ చట్టపు 39వ విభాగము ననుసరించి, చచ్చి దొరికిన వన్యమృగమును, దాని కొమ్మును ప్రభుత్వపు సొత్తు. అట్టి సొత్తు ఏ విధముగనైన చేతికి వచ్చినవాడు 48 గంటలలోగా దగ్గఱి పోలీసు ఠాణాకో అధికారము గల ఉద్యోగికో తెలుపవలెను. రాలినదానికొక ధర్మము, చంపి తీసినదానికొక ధర్మము పెట్టినచో, చంపినదంతయు రాలినదను పేరుతో సంతకెక్కును గనుక, కొమ్ము దగ్గఱనుంచుకొనుట విషయమున చట్టము ఇంత కఠినముగా నుండుట న్యాయమేయని నా దృఢవిశ్వాసము.

అయితే ఈ 48 గంటల నియమము ఎఱిగిన రైతు మా ప్రాంతమున ఎందఱు కలరు? కృష్ణజింక మొదటి పట్టికలోని మృగమనియు, దానిని చంపినవానికి మూడునుండి ఏడేండ్ల కారాగారమనియు మాత్రము అందఱును వినియున్నారు. దున్నుచుండగా కొయ్యకు కొమ్ము తగిలినచో ఆ భయము చేత ముచ్చెమటలు పట్టి, దానిని పాడుబావిలో విసరివేయుదురు, లేదా రాత్రికి రాత్రి దిబ్బలో పూడ్చివేయుదురు. తెలుపవలసినవాడు నేరస్థునివలె దాచుచున్నాడు. ఉచ్చు పన్నినవాడు నిశ్చింతగా నున్నాడు.

కృష్ణజింక మా నేలకు కొత్తది కాదు. కృష్ణసారము సహజముగా సంచరించు దేశమే యజ్ఞమునకు యోగ్యమైన దేశమని మనుస్మృతి నిర్ణయించినది. శాకుంతలము ఆఱవ అంకమున దుష్యంతుడు తాను చిత్రించుచున్న పటములో ఇంకను వ్రాయవలసినవానిని చెప్పుచు, నారచీరలు వ్రేలాడు చెట్టు నీడను, నల్లజింక కొమ్ముకొనకు తన ఎడమకన్నును ఆనించి గోకికొనుచున్న ఆడజింకను కోరును. తొలి అంకమున అట్టి మృగమునే బాణమెక్కుపెట్టి తఱిమిన రాజు, వియోగమున కృశించి, అతి సుకుమారమైన కన్ను అతి వాడియైన కొమ్మును నమ్ముటను గుర్తునకు తెచ్చుకొన్నాడు. నాకు దొరికిన కొమ్ముకొన అంత నునుపుగా నుండుటకు కారణమేమో నేనెఱుగను గాని, ఆనాటినుండి దానిని తలచినపుడెల్ల ఈ పటమే మనసున మెదలును.

సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన మాత్రము కురియు ఈ మెట్టలమీద, పడమటి కనుమలు ఒకప్రక్క మేఘములను ఆపివేయగా, తూర్పుతీరపు వానలు మఱియొకప్రక్క దారిలోనే అలసిపోగా, అడవి యనదగిన అడవి పెరుగదు, గడ్డి పెరుగును. కృష్ణజింకకు కావలసినది గడ్డియే. చెట్లగుంపులలో దానికి ఊపిరాడదు. చూపు సాగినంత దూరము తెఱపి యుండి, శత్రువును చూచినంతనే పరుగెత్తుటకు వీలుండవలెను. ఆ పరుగును నేర్పిన చీతా 1952 నాటికే దేశమున అంతరించినదని ప్రకటించిరి. 2022 సెప్టెంబరు 17న నమీబియానుండి తెచ్చి కూనో వనమున విడిచిన చీతాలు మాకు చాల దూరము. తోడేలు తగ్గినది. ఊరకుక్క పెరిగినది.

గడ్డిభూమికి మన లెక్కలలో మంచి పేరు లేదు. అది పోరంబోకు, బంజరు, బీడు. పనికిరానిదని పేరు పెట్టిన పిదప దానిని ఏ పనికైనను ఇచ్చివేయుట సులభము. కొంత చేలయినది, కొంత గాలిమరల పాలయినది, నంబులపూలకుంట వైపు విశాలమైన మెట్టలను సూర్యఫలకములు కప్పినవి. వెలుతురునుండియు గాలినుండియు విద్యుత్తు తీయుటను నేను తప్పుపట్టను. కరవుసీమకు దేవుడిచ్చినవి ఆ రెండే. కాని బీడు ఖాళీ యని వ్రాసిన చేయి అచ్చట మేయుచున్న మందను చూచియుండలేదు. మేత పోయిన జింక చేనిపై పడును. ఉరవకొండ, విడపనకల్లు, వజ్రకరూరు, గుంతకల్లు ప్రాంతములలో రైతును ఏ వేళ కదపినను ఈ గోడే వినవచ్చును.

ఆ గోడులోని న్యాయమును పట్టణవాసి సరిగా గ్రహింపడు. మా వైపు విత్తుటకు తగిన పదును ఒక్కమాఱే వచ్చును. ఆ పదునులో అప్పు తెచ్చి వేసిన పత్తియో కందియో రెండాకులు వేయగానే, తెల్లవాఱుజామున ముప్పది నలువది జింకలు దిగి, గొడ్డలితో నఱికినట్లు సాళ్లకు సాళ్లు కొఱికిపోవును. మరల విత్తుదమన్న విత్తనము లేదు. విత్తనమున్నను పదును లేదు. ఆ యేడు ఆ చేను అంతే. పాత చీరలు కట్టుదురు, డబ్బాలు వాయింతురు, మంచెపై నిద్రకాచి ఉదయమున మరల కూలికి పోవుదురు. నష్టమునకు పరిహారము కోరినచో కొలతలనియు చిత్రములనియు సంతకములనియు తిరిగి తిరిగి, వచ్చునది ప్రయాణపు కర్చులకు చాలునా యని లెక్క చూచుకొనువాడు, రెండవమాఱు అడుగడు. అట్టివాడు స్వయముగా ఉచ్చు పన్నడు. పన్నువానిని చూచి మాత్రము ముఖము త్రిప్పుకొనును. ఆ మౌనమును నేను నిందింపలేను.

ఇరుగుననే ఒక గుణపాఠము కలదు. కర్నూలు సీమలోని రోళ్లపాడున బట్టమేకపిట్ట కొఱకై 1988లో అభయారణ్యమును ఏర్పఱచిరి. రక్షణచే గడ్డి పెరిగి, గడ్డిచే కృష్ణజింకలు వృద్ధిపొంది, అవి చుట్టునున్న చేలను మేయగా, గ్రామస్థులకు ఆ అభయారణ్యముపైననే కోపము కలిగెను. పిట్టను కాపాడవలసిన ఊరు పిట్టకు దూరమయ్యెను. నేడు అచ్చట బట్టమేక కనబడుటయే అపురూపము. రైతును విడిచి మృగమును రక్షింపబూనుట ఎట్లు పరిణమించునో తెలిసికొనుటకు ఇంతకంటె దూరము పోనక్కఱలేదు.

కావున, మేసిన చేనికి ఆ పంటకాలములోనే, రైతు తిరుగకుండనే, నష్టము ముట్టవలెను. మిగిలియున్న బీళ్లలో జింకల మేతపట్టులను గుర్తించి, ఏ పథకమునకు ఇచ్చుటకైనను ముందు వానిని విడదీయవలెను. ఇవి పెద్దపనులు, పెద్దవారి పనులు. చిన్నపని యొకటి కలదు, అది రేపే చేయవచ్చును. 2019 అక్టోబరు 2న ప్రారంభమైన గ్రామ సచివాలయములు ఊరూర నున్నవి. కొమ్ము గాని కళేబరము గాని చూచినవాడు అచ్చటికి పోయి "ఫలాని చేనిలో చూచితిని" అని చెప్పినచో, "నీవేల పోతివి, నీవే చంపితివా" అని అడుగక, చోటును తేదీని వ్రాసికొని అటవీశాఖకు పంపు ఏర్పాటుండవలెను. తెలిపినవానిపై అనుమానము పెట్టబోమని తెలుగులో పెద్ద అక్షరములతో గోడపై వ్రాయవలెను. నాలుగేండ్లు అట్లు వ్రాసినచో ఏ గట్టున ఉచ్చులున్నవో, ఏ మలుపున లారీలు తగులుచున్నవో, ఏ ఒడ్డులేని బావి జింకలను మ్రింగుచున్నదో, సిమెంటు గట్ల కాలువలో దిగిన మంద ఎచ్చట ఎక్కలేకపోవుచున్నదో జిల్లా పటముపై చుక్కలుగా కనబడును. కొమ్ము నోరులేని వార్త. దానికి చోటు తోడైనపుడే అది చదువవచ్చును.

నాకు దొరికినదానిని పుఱ్ఱెతోను, ఉచ్చుతోను కూడ గోనెలో చుట్టి మఱునాడు ఒక కార్యాలయమునకు కొనిపోయి ఒప్పగించితిని. అచ్చటి ఉద్యోగి మర్యాదగా కూర్చుండబెట్టి, టేపుతో కొలిచి, త్రాసున తూచి, పుస్తకమున ఎక్కించెను. గదిమూలను మఱియొక గోనె యుండెను. దాని చిరుగునుండి మూడు కొమ్ముకొనలు బయటికి పొడుచుకొని యున్నవి. అవి ఎచ్చటివని అడిగితిని. "తెలియదు సార్. నేను వచ్చేనాటికే ఉన్నాయి. ఈ బుక్కులో బరువు, పొడవు రాసే గళ్లే ఉన్నాయి, చోటుకు గడి లేదు" అని ఆయన నిజాయితీగా చెప్పెను. అంచున వ్రాయవచ్చును గదా యంటిని. ఆయన ఒక క్షణము ఆలోచించి, కలము తీసి, పుట త్రిప్పి పట్టుకొని, ఇఱుకుగా నున్న ఎడమ అంచున నిలువుగా వ్రాసెను: పెద్దరేగుల చేను, తూర్పు గట్టు, క్లచ్చివైరు ఉచ్చు, మాఘ బహుళ పంచమి.